మనుషులు తగ్గిపోతున్న పెర్మెట్‌లో నేలకు ప్లాన్ ఎందుకు? తరచుగా అడిగే ప్రశ్నలు

అల్బేనియా పల్లెలు ఖాళీ అవుతున్న సంగతి ఎప్పుడు ఎత్తినా అడిగేవాళ్లు మారతారు గానీ ప్రశ్నలు మారవు. అందుకే గ్రీస్ సరిహద్దుకు దగ్గరలో ఉన్న పెర్మెట్ అనే ఒక్క మున్సిపాలిటీని పట్టుకుని జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. వరసగా చదవక్కర్లేదు. మీ సందేహం ఏదో చూసి నేరుగా అక్కడికే వెళ్లండి.

## మొదట ఊరు, లెక్కలు

పెర్మెట్ ఎక్కడుంది? ఎంత పెద్దది?

దక్షిణ అల్బేనియాలో, జిరోకాస్తర్ జిల్లాలో, వ్యోసా నది ఒడ్డున ఉంది. చుట్టూ కొండలు, మధ్యలో సన్నని లోయ. విస్తీర్ణం సుమారు 602 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల్లో 10,614 మంది తేలారు. అందులో 5,945 మంది పెర్మెట్ పట్టణంలోనే ఉన్నారు. అంటే సగానికి పైగా జనం ఒక్క చోట, మిగతావాళ్లు కొండల మీదా లోయలోనూ చెదిరిన పల్లెల్లో. సగటున చదరపు కిలోమీటరుకు 18 మంది కూడా లేరు. అదే ఏడాది లెక్కల్లో మన తెలుగు నేల మీద చదరపు కిలోమీటరుకు 300 మందికి పైగా ఉన్నారు. అక్కడి ప్లానింగ్ సమస్య ఏమిటో ఊహించుకోవాలంటే ముందు ఈ తేడా మనసులో పెట్టుకోవాలి.

మున్సిపాలిటీ అంటారు, మళ్లీ పల్లెలు అంటారు. ఇదేం లెక్క?

మన దగ్గర మున్సిపాలిటీ అంటే పట్టణమే. అక్కడ అలా కాదు. 2014లో వచ్చిన పాలనా సంస్కరణ 373 చిన్న స్థానిక సంస్థలను కలిపి 61 మున్సిపాలిటీలు చేసింది. వాటిని అల్బేనియన్‌లో బష్కీ అంటారు. 2015 స్థానిక ఎన్నికలతో ఈ కొత్త హద్దులు అమల్లోకి వచ్చాయి. పెర్మెట్ బష్కీలో పట్టణంతో పాటు పెత్రాన్, పిస్కోవా, ఫ్రాషర్, చర్చోవా అనే పాత కమ్యూన్లు (పల్లెల స్థానిక సంస్థలు) కలిశాయి. ఒక పట్టణం, దాని చుట్టూ పల్లెలున్న మండలం మొత్తానికి ఒకే మేయర్ ఉన్నట్టు అనుకోండి. కలపడం వల్ల ఖర్చు కలిసొచ్చిందని ప్రభుత్వం అంటుంది. పై పల్లెలవాళ్లకు మాత్రం ఊళ్లో ఉండే ఆఫీసు పోయి, ఎన్నుకున్న పెద్ద పోయి, మేయర్ నియమించిన అధికారి మిగిలాడు.

దేశం మొత్తం మీద జనాభా నిజంగా అంత తగ్గిందా?

తగ్గింది, అదీ చాలా వేగంగా. 1950లో 12 లక్షల పైచిలుకు ఉన్న దేశం 1989 నాటికి 31.8 లక్షలకు పెరిగింది. 2011లో 28 లక్షలు. 2021లో జరగాల్సిన లెక్కలు కరోనా వల్ల ఆగి 2023లో జరిగాయి. ఫలితం: 24,02,113. జిరోకాస్తర్ జిల్లా 2011లో 72,176 నుంచి 2023లో 60,013కి పడింది. పన్నెండేళ్లలో ప్రతి ఆరుగురిలో ఒకరు లేరన్నమాట. దేశంలో అన్ని జిల్లాల కన్నా తక్కువ జనం ఉన్నది ఇక్కడే. టిరానా జిల్లాలో మాత్రం ఏడున్నర లక్షలకు పైగా జనం. దేశంలో దాదాపు మూడో వంతు అక్కడే పోగుపడింది.

పిల్లలు తక్కువగా పుట్టడం వల్లా, వలస వల్లా?

రెండూ. కానీ మొదలైంది వలసతో. వెళ్లిపోయేది ఇరవై, ముప్ఫై ఏళ్లవాళ్లు. వాళ్లతో పాటు పుట్టాల్సిన పిల్లలూ వెళ్లిపోతారు. ఇప్పుడు అల్బేనియాలో ఒక స్త్రీకి సగటున పుట్టే పిల్లల సంఖ్య రెండుకు బాగా కింద ఉంది. 2011లో 35 దాటిన జనాభా సగటు వయసు 2023 కల్లా 42న్నరకు చేరింది. జనాభాలో 65 ఏళ్లు పైబడినవాళ్లు దాదాపు ఐదో వంతు. పల్లెల్లో ఈ వాటా ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది. ఎవరూ వలస వెళ్లకపోయినా ఇకమీద చావులు పుట్టుకల్ని మించిపోతాయి.

జనం వెళ్లింది ఎక్కడికి?

ముందు గ్రీస్‌కి. కమ్యూనిస్టు పాలనలో దేశం దాటడం నేరం. దేశంలోనే పల్లె నుంచి పట్టణానికి మారాలన్నా అనుమతి కావాలి. 1990-91లో ఆ గేటు తెరుచుకునేసరికి కాలినడకన కొండలు దాటి వెళ్లినవాళ్లు లెక్కలేనంతమంది. పెర్మెట్‌కి సరిహద్దు దగ్గర, గ్రీస్‌లో పొలం పని, తాపీ పని, ముసలివాళ్లను చూసుకునే పని దొరికేవి. 2010 డిసెంబర్‌లో షెంగెన్ దేశాలకు (తమలో తాము సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న యూరప్ దేశాలు) వీసా లేకుండా వెళ్లే వీలు వచ్చింది. గ్రీస్ అప్పుల్లో మునగడంతో చాలామంది జర్మనీ, ఇటలీ దారి పట్టారు. దేశం లోపల టిరానా, దుర్రెస్ వైపు ఇంకో ప్రవాహం. ఉత్తరాది కొండల నుంచి దిగినవాళ్లు టిరానా పక్కన బాతోరె లాంటి చోట్ల అనుమతుల్లేకుండానే ఇళ్లు కట్టుకున్నారు. పల్లెలో తాళం పడిన ప్రతి ఇంటికీ జోడీగా ఎక్కడో ఒకచోట కొత్త ఇల్లు లేచింది.

ఒకే ఊరికి రెండు జనాభా అంకెలు కనిపిస్తాయేం?

ఒకటి సెన్సస్: లెక్క తీసిన నాటికి అక్కడ నివసిస్తున్నవాళ్లు. రెండోది సివిల్ రిజిస్టర్: ఆ ఊరివాళ్లుగా నమోదై ఉన్న పౌరులంతా. విదేశాల్లో ఇరవై ఏళ్లుగా ఉన్నవాళ్ల పేర్లూ రిజిస్టర్లో అలాగే ఉంటాయి. వలస ఎక్కువున్న చోట రెండో అంకె మొదటిదాని కన్నా చాలా పెద్దది. మామూలు గణాంకాల గొడవ కాదిది. కేంద్రం ఇచ్చే గ్రాంటు లెక్క వేయడానికి 2017 ఆర్థిక చట్టం సెన్సస్ అంకెను తీసుకుని, రిజిస్టర్‌కీ దానికీ ఉన్న తేడాలో కొంత వాటా కలిపింది. వేసవిలో వచ్చి నీళ్లు, రోడ్డు, చెత్తబండి వాడుకునేవాళ్లను పూర్తిగా వదిలేయడం అన్యాయమని ఒక వాదన. పేర్లున్నా మనుషులు లేని ఊరికి డబ్బెందుకని ఇంకో వాదన. నా ఉద్దేశంలో ప్లాన్ రాసేవాళ్లు మూడో అంకె కూడా తీయాలి: ఆగస్టులో ఎంతమంది, జనవరిలో ఎంతమంది. నీళ్ల ట్యాంకు ఆగస్టును చూసి కట్టాలి, అంబులెన్స్ జనవరిని చూసి పెట్టాలి.

## తర్వాత నేల

కమ్యూనిస్టు కాలంలో భూమంతా ప్రభుత్వానిదే కదా, ఇప్పుడు ఎవరిది?

1945 భూసంస్కరణలో పెద్ద కమతాలు తీసేసుకుని రైతులకు పంచారు. తర్వాత సహకార క్షేత్రాల పేరుతో ఆ పొలాలనే మళ్లీ కలిపేశారు. 1967 కల్లా కొండ పల్లెలతో సహా అది పూర్తయింది. 1991 జులైలో వచ్చిన 7501వ నంబర్ చట్టం దీన్ని తిరగేసింది. సహకార క్షేత్రంలోని భూమిని ఆ ఊళ్లో ఉన్న కుటుంబాలకు తలసరిన పంచాలి, 1945కి ముందు ఎవరిదో చూడక్కర్లేదు అని దాని సారాంశం. కాగితం మీద బాగానే ఉంది. చాలా కొండ పల్లెలు మాత్రం చట్టాన్ని పక్కనపెట్టి తాతల నాటి గట్ల ప్రకారమే పంచుకున్నాయి. ఊళ్లో గొడవ రాలేదు గానీ, రికార్డులో ఉన్న పేరూ పొలంలో ఉన్న మనిషీ వేరైపోయారు. ఆ తేడా ఇవాళ్టికీ ప్లాన్ మ్యాపుల్ని వెంటాడుతోంది.

ఎకరాల్లో చెప్పండి. ఒక్కో కుటుంబానికి ఎంత వచ్చింది?

దేశ సగటు 1.2 హెక్టార్లు, అంటే మన లెక్కలో సుమారు మూడెకరాలు. అదీ ఒకే చోట కాదు. మంచి నేల, చెడ్డ నేల, నీటి నేల, మెట్ట అన్నీ అందరికీ సమానంగా రావాలని పంచడంతో మూడు నాలుగు ముక్కలుగా వచ్చింది. ట్రాక్టర్ తిరగలేని ముక్కలు. చదునైన కోస్తాలో ఇది చిరాకు. పెర్మెట్ లాంటి కొండ లోయలో బతుకుతెరువుకే చాలదు. కమ్యూనిస్టు కాలంలో కొండల్ని తొలిచి మెట్లు మెట్లుగా సాగులోకి తెచ్చిన నేల ఇంకా ఘోరం: వందల మంది కూలీ ఉన్నప్పుడే అది నిలబడింది. జనం వెళ్లగానే మొదట బీడు పడింది ఆ మెట్లే.

యజమాని విదేశంలో ఉంటే పక్కవాళ్లకి కౌలుకి ఇవ్వొచ్చు కదా?

ఇస్తారు, కానీ చాలావరకు నోటిమాట మీద. 1991లో పట్టా ఇచ్చింది కుటుంబం పేరు మీద. కుటుంబ పెద్ద పోయాడు, ముగ్గురు పిల్లలు మూడు దేశాల్లో ఉన్నారు, వారసత్వం రిజిస్టర్ కాలేదు. ఇక కౌలు కాగితం మీద సంతకం ఎవరు పెట్టాలి? కాగితం లేని కౌలుదారుకు సబ్సిడీ దరఖాస్తు కష్టం, బ్యాంకు అప్పు కష్టం. అందుకని అతను ఏడాది పంట వేస్తాడు గానీ ద్రాక్ష, వాల్‌నట్ లాంటి ఏళ్లు పట్టే చెట్లు నాటడు. అమ్మడం ఇంకా తక్కువ. పరాయి దేశంలో కూలి పని చేసే మనిషికి తన ఊళ్లోని మూడెకరాలు ఒక భరోసా. ధర కోసం కాదు, తిరిగి వెళ్లే హక్కు కోసం ఉంచుకుంటాడు. గల్ఫ్ వలస చూసిన మన జగిత్యాల, కడప వైపు పాఠకులకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

పొలాలు బీడైతే అడవి పెరుగుతుంది. మంచిదే కదా?

కొంతవరకు. వాలు నేలలో చెట్లు పెరిగితే మట్టి నిలుస్తుంది. కానీ మొదట వచ్చేది అడవి కాదు, ముళ్లపొద. మేకల మంద తిరగక, గడ్డి కోసేవాళ్లు లేక ఎండిన పొద పేరుకుంటుంది. వేసవిలో నిప్పంటుకుంటే పాడుబడిన పొలాల మీదుగా ఊళ్లోకి వస్తుంది. ఆర్పడానికి ఊళ్లో కుర్రాళ్లుండరు. నీటి కాలువలదీ ఇదే గతి: పది కుటుంబాలు కలిసి పూడిక తీసే కాలువను ఇద్దరు తీయలేరు, దాంతో ఆ ఇద్దరి పొలాలూ ఎండుతాయి. చిన్న కాలువలు, ప్రభుత్వ అడవులు, పచ్చిక బయళ్లు 2016 నుంచి మున్సిపాలిటీల చేతికొచ్చాయి. దేశమంతా చెట్ల నరికివేతపై పదేళ్ల నిషేధం కూడా అదే ఏడాది వచ్చింది. బాధ్యత పెరిగినంతగా సిబ్బంది పెరగలేదు.

## ప్లాన్ తయారయ్యే దశ

ఇది మన మాస్టర్ ప్లాన్ లాంటిదేనా?

దగ్గరగా ఉంటుంది, పరిధి వేరు. 107/2014 నంబర్ చట్టం ప్రకారం ప్రతి బష్కీ ఒక సాధారణ స్థానిక ప్లాన్ రాసుకోవాలి. పట్టణానికే పరిమితం కాదు, చివరి కొండ దాకా ప్రతి చదరపు మీటరూ అందులోకి రావాలి. నేలను ఐదు వ్యవస్థలుగా విడదీస్తారు: పట్టణ, వ్యవసాయ, ప్రకృతి, జల, మౌలిక వసతుల. ఏ ముక్క దేనిలోకి వస్తుంది, ఎక్కడ కట్టొచ్చు, ఎంత ఎత్తు, ఏది ముట్టకూడదు అన్నది మ్యాపుతో పాటు నిబంధనల పుస్తకంలో ఉంటుంది. చూపు కనీసం 15 ఏళ్ల ముందుకు ఉండాలి. పైన దేశానికంతటికీ 2030 వరకు చూసే జాతీయ ప్లాన్ ఉంది, స్థానికమైనది దానికి లోబడాలి.

జనం తగ్గుతుంటే ప్లాన్ దేనికి? కట్టేవాళ్లే లేరు కదా.

అందరికన్నా ఎక్కువ మంది అడిగేది ఇదే. పెరిగే ఊరికి ప్లాన్ లేకపోతే ఇరుకు అవుతుంది, జనం గోల చేస్తారు, ఎవరో ఒకరు సరిచేస్తారు. తగ్గే ఊరికి ప్లాన్ లేకపోతే ఏ గోలా ఉండదు. నలభై ఇళ్ల కోసం వేసిన నీటి పైపు ఆరు ఇళ్లకు నడుస్తుంటుంది, మరమ్మతు ఖర్చు మాత్రం నలభై ఇళ్లదే. బడిలో ఐదు తరగతులకు కలిపి ఒకే టీచరమ్మ ఉంటుంది. బస్సు వారానికి కొన్ని రోజులే తిరుగుతుంది. ఏది ఉంచాలి, ఏది కలపాలి, ఏది మూసి దాని బదులు ఏం ఇవ్వాలి అన్నవి ఎవరో ఒకరు ముందే కూర్చుని తేల్చాలి.

కట్టేవాళ్లు లేరన్నదీ పూర్తి నిజం కాదు. జనం తగ్గినా కట్టడాలు పెరగొచ్చు. గ్రీస్‌లో సంపాదించిన డబ్బుతో లోయలో రోడ్డు పక్కన రెండంతస్తుల ఇల్లు లేస్తుంది, ఏడాదిలో పదకొండు నెలలు తాళం. పెట్రోల్ బంకు, గెస్ట్‌హౌస్, గోడౌన్ అన్నీ కావాలనుకునేది ఆ చదును నేలనే. పెర్మెట్‌లో చదును నేల అంటే వ్యోసా పక్కన సన్నని పట్టీ, సాగుకు ఉన్న మంచి మట్టీ అదే. కాబట్టి ఇక్కడ ప్లాన్ మొదటి పని కొత్త ప్లాట్లు చూపించడం కాదు, ఆ పట్టీని కాపాడటం. ఈ మాట చెప్పే ప్లాన్ ఎన్నికల ముందు ఏ మేయర్‌కైనా టెన్షనే. భవిష్యత్తులో జనం పెరుగుతారని అంచనా వేసి ఆ అంకెకు తగ్గట్టు కట్టుబడి నేల చూపించడం సులువు. ఎవరూ నొచ్చుకోరు.

ప్లాన్‌ని ఎవరు ఆమోదిస్తారు? ఊరివాళ్ల మాటకు విలువ ఉందా?

మున్సిపాలిటీ తయారు చేయిస్తుంది, జాతీయ ప్లానింగ్ ఏజెన్సీ సాంకేతికంగా చూస్తుంది, మున్సిపల్ కౌన్సిల్ ఓటేస్తుంది, చివరి ముద్ర జాతీయ ప్రాదేశిక మండలిది. ఆ మండలికి అధ్యక్షుడు ప్రధానమంత్రి. ప్రజలతో బహిరంగ సమావేశాలు తప్పనిసరి. వాటికి వచ్చేది ఊళ్లో ఉన్న పెద్దవాళ్లు. పొలాల్లో సగం యజమానులు విదేశాల్లో ఉంటే వాళ్ల మాట ఎవరు చెప్పాలి? సమావేశాల్లో ఒకటైనా ప్రవాసులు ఊళ్లో ఉండే ఆగస్టులో పెడితే గది నిండుతుంది, గొడవలూ నిండుతాయి. అయినా అప్పుడే పెట్టాలన్నది నా పక్షం. చిన్న బష్కీల్లో ప్లానింగ్ ఇంజనీర్లు దొరకరు. అందుకని ప్లాన్‌ని టిరానా నుంచి వచ్చిన కన్సల్టెంట్లు రాస్తారు, అమలు చేయాల్సినవాళ్లు మాత్రం దాన్ని మొదటిసారి పూర్తిగా చదివేది ఆమోదం అయ్యాకే.

పదిమంది కూడా లేని పల్లెల్ని మూసేయడం మేలు కదా?

చట్టంలో ఊరిని మూసేయడం అనేది లేదు, ఎవరూ చేయరు కూడా. జరిగేది నెమ్మదిగా: ముందు బడి, తర్వాత నర్సు, తర్వాత బస్సు. ఫ్రాషర్‌నే తీసుకోండి. అల్బేనియా జాతీయోద్యమానికి అబ్దుల్, నయీమ్, సామీ అనే ముగ్గురు అన్నదమ్ముల్ని ఇచ్చిన ఊరు, దేశంలో పిల్లలందరికీ పాఠాల్లో తెలిసిన పేరు. 2011లో ఆ యూనిట్ మొత్తంలో నాలుగు వందల పైచిలుకు జనమే. పేరు ఎంత గొప్పదైనా నర్సును నిలపలేదు. ఆచరణలో పనికొచ్చేది, ప్రతి లోయకు ఒక పెద్ద పల్లెను ఎంచుకుని బడి, ఆరోగ్య కేంద్రం, దుకాణం, పాల సేకరణ అక్కడ గట్టిగా నిలబెట్టి, మిగతావాటికి అక్కడికి చేరే దారి మాత్రం ఏడాది పొడవునా తెరిచి ఉంచడం. ఏ పల్లెను ఎంచుకోలేదో ఆ పల్లెకు ఆ మాట ముఖం మీద చెప్పాలి. చాలా ప్లాన్లు ఇక్కడే మెత్తబడి, అన్ని ఊళ్లకూ అన్నీ రాసేస్తాయి.

## అమలయ్యే దశ

వ్యోసా నేషనల్ పార్క్ వచ్చాక కట్టడాలన్నీ ఆగిపోయాయా?

వ్యోసాను 2023 మార్చి 15న అడవి నది నేషనల్ పార్క్‌గా ప్రకటించారు. గ్రీస్ కొండల్లో పుట్టి 270 కిలోమీటర్లకు పైగా పారే ఈ నదిపై అల్బేనియా వైపు ప్రధాన పాయ మీద ఆనకట్టలు లేవు, అందుకే అంత పేరు. రక్షణ నది పాయకూ దాని ఒడ్డు పరిధికీ. లోయ మొత్తం పార్క్ కాదు, సాగు, ఊళ్లు కొనసాగుతాయి. ఇసుక, కంకర తవ్వకం మీద, కొత్త డ్యాముల మీదే అసలు ప్రభావం. పార్క్ అన్న బోర్డు ఒక్కటే సరిపోదనడానికి పెర్మెట్‌లోనే ఉదాహరణ ఉంది. హోతోవా ఫిర్ చెట్ల నేషనల్ పార్క్ పరిధిలోనే లెంగారిత్సా ఏటి మీద జలవిద్యుత్ కేంద్రం కట్టారు, అదీ బెన్యా వేడినీటి బుగ్గలకు దగ్గర్లో.

టూరిజం పల్లెల్ని నిలబెడుతుందా?

కొన్నింటిని. బెన్యా బుగ్గలు, వాటి పక్కన పాత రాతి వంతెన, రాఫ్టింగ్, పెర్మెట్ పేరు చెప్పగానే గుర్తొచ్చే గ్లికో. పచ్చి వాల్‌నట్, అంజూర లాంటివి పంచదార పాకంలో ఉడికించి చేసే తీపి అది, ఇంటికి వచ్చినవాళ్లకు చెంచాతో పెడతారు. 2018లో వంద పల్లెల కార్యక్రమం, అగ్రిటూరిజం ప్రోత్సాహకాలు వచ్చాక పెట్టుబడి రోడ్డు ఉన్న ఊళ్లకు చేరింది. ఒక గెస్ట్‌హౌస్ చుట్టూ పాలు, తేనె, రాకీ అనే ఇంటి సారా, కూరగాయలు అమ్మే నాలుగైదు ఇళ్లు బతుకుతాయి, అది చిన్న విషయం కాదు. కానీ సీజన్ కొన్ని నెలలే. బడి నడవాలంటే ఏడాదంతా ఉండే పిల్లలు కావాలి. పని చేసే చేతులకూ కొరతే: అల్బేనియా హోటళ్లు, నిర్మాణ సంస్థలు ఇప్పుడు ఫిలిప్పీన్స్, నేపాల్, బంగ్లాదేశ్, భారత్‌ల నుంచి కూడా కార్మికుల్ని తెచ్చుకుంటున్నాయి.

తాతగారి పాత రాతి ఇల్లు బాగు చేసుకోవాలంటే పర్మిషన్ దొరుకుతుందా?

దరఖాస్తు 2016 నుంచి ఆన్‌లైన్‌లోనే. చిక్కు ఆన్‌లైన్‌ది కాదు, యాజమాన్య పత్రానిది. ఇల్లు తాత పేరునో, అసలు ఎవరి పేరునా లేకుండానో ఉంటుంది. ముందు వారసత్వం తేలాలి, తర్వాత కెడాస్టర్‌లో, అంటే ప్రభుత్వ భూమి రికార్డులో, నమోదు కావాలి. అనుమతి లేని కట్టడాల్ని చట్టబద్ధం చేయడానికి 2006లో వేరే ఏజెన్సీ పెట్టి, 2019లో దాన్ని ప్రభుత్వ కెడాస్టర్ ఏజెన్సీలో కలిపేశారు. విచిత్రం ఏమిటంటే అడగకుండా పొలంలో కొత్తగా కట్టినవాడికి సక్రమం చేసుకునే దారి ఒకటి దొరికింది, అడిగి పాత ఇల్లు కప్పు మార్చాలనుకున్నవాడు కాగితాల దగ్గర ఆగిపోయాడు. పల్లెల్లో సున్నితమైన రాతి పనితనం ఉన్న ఇళ్లు కూలిపోవడానికి డబ్బు లేకపోవడం కన్నా ఇదే పెద్ద కారణమని నా అనుమానం.

ఖాళీ పొలాలు అన్ని ఉన్నాయిగా, మనవాళ్లు కొనుక్కోవచ్చా?

సాగు భూమి కొనలేరు. విదేశీయులకు పొలం, అడవి, పచ్చిక బయలు మీద యాజమాన్యం ఇవ్వరు. కౌలుకు మాత్రం తీసుకోవచ్చు, 99 ఏళ్ల దాకా. ఫ్లాటు, కట్టిన ఇల్లు కొనుక్కోవచ్చు. కట్టుబడి స్థలం కొనాలంటే దాని విలువకు మూడు రెట్లు అక్కడ పెట్టుబడి పెట్టాలన్న షరతు ఉంది. కౌలు ఆలోచన ఉంటే ముందు కెడాస్టర్ కాగితంలో ఎంతమంది వారసుల పేర్లున్నాయో చూడండి, వాళ్లలో ఎంతమంది ఏ దేశాల్లో ఉన్నారో అడగండి. ఆ తర్వాతే పొలం చూడటానికి వెళ్లండి.